రుషికొండ కెరటాలకి పొట్టి ప్యాడిల్‌బోర్డు: 10'6 నుంచి ఎంతకు దిగాలి?

ఉప్పుగాలి (విశాఖపట్నం) · జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నా బరువు 78 కిలోలు, ఎత్తు 5'8. రెండేళ్ల నుంచి గాలి నింపే బోర్డు మీద నిలబడి తెడ్డు వేస్తున్నాను, 10'6 పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం. ఫిబ్రవరి, మార్చిల్లో పొద్దున్నే సముద్రం చెరువులా ఉన్నప్పుడు రుషికొండ నుంచి సాగర్‌నగర్ వైపు వెళ్లి రావడం, అంతవరకే నా పని. పోయిన వర్షాకాలంలో ఒక రోజు తిరిగి వస్తుంటే వెనక నుంచి ఒక కెరటం ఎత్తుకుని ఒడ్డు దాకా మోసుకొచ్చింది. మోకాళ్లు వంచి నిలబడ్డానంతే, మిగతాదంతా అదే చేసింది. ఆ రోజు నుంచి చదును నీళ్ల మీద మనసు నిలవడం లేదు.

సమస్య ఏంటంటే ఈ బోర్డుతో కెరటం కొంచెం నిటారుగా లేస్తే చాలు, ముక్కు నీళ్లలో గుచ్చుకుని నన్ను ముందుకి విసిరేస్తోంది. దాన్ని తప్పించుకుని నిలబడగలిగినా పక్కకి తిప్పలేకపోతున్నాను, అంచు నీటిని పట్టుకోదు, తెప్పలా నేరుగా ఒడ్డుకి పోతుంది. పొట్టి గట్టి బోర్డు కొందామని వెతికితే రెండు సెకండ్ హ్యాండ్‌వి దొరికాయి. ఒకటి చెన్నైలో, 7'8 పొడవు, 28 వెడల్పు, 95 లీటర్లు. ఇంకోటి పుదుచ్చేరిలో, 8'8 పొడవు, 31 వెడల్పు, 128 లీటర్లు. ధర దాదాపు ఒకటే. నిజం చెప్పాలంటే నా మనసంతా 7'8 మీదే ఉంది, వీడియోల్లో అంత చిన్న బోర్డు మీద వాళ్లు తిరిగే తిరుగుడు చూస్తే నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డోహినీ తీరం (ఇర్వైన్, కాలిఫోర్నియా) · జూన్ 9, ఉదయం 10:15

7'8 కొనకండి. మీరు డబ్బు పంపేలోపు ఈ మాట మీకు చేరాలని రాత్రి పడుకునే ముందు కూర్చుని రాస్తున్నాను.

లెక్క చూద్దాం. ఒక లీటరు అంటే సుమారు ఒక కిలో బరువు తేలుతుంది. మీరు 78, బోర్డు ఏ 7 కిలోలో ఉంటుంది, తడిసిన బట్టలు, తెడ్డు, లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) కలిపి ఇంకో రెండు. అంటే 87 కిలోలు. 95 లీటర్ల బోర్డుకి మిగిలేది 8 లీటర్లు. మీరు నిలబడితే బోర్డు పైభాగం దాదాపు నీటి మట్టానికి వచ్చేస్తుంది, చిన్న అల తగిలినా మునిగి ఒరుగుతుంది. కెరటం మీద వేగంలో ఉన్నప్పుడు అది బాగానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు బోర్డుని మోసేది వేగం. కానీ గంటసేపు నీళ్లలో ఉంటే కెరటం మీద ఉండేది మొత్తం కలిపి రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా నిలబడి ఎదురుచూడటమే, ఆ నిలబడటం కోసమే లీటర్లు.

ఇక్కడ అందరూ వాడే మోటు లెక్క ఒకటుంది. లీటర్లని మీ కిలోలతో భాగించండి. చదును నీళ్ల నుంచి అప్పుడే కెరటాల్లోకి వచ్చేవాళ్లకి 1.7 అంతకన్నా ఎక్కువ, కొంచెం చేయి తిరిగినవాళ్లకి 1.4 నుంచి 1.6, బాగా ఆరితేరినవాళ్లకి 1.1 నుంచి 1.3. మీ 7'8 లెక్క 1.22 వస్తోంది. 8'8 లెక్క 1.64. ఇప్పుడు మీరున్న గాలి బోర్డు దగ్గర దగ్గర 300 లీటర్లు ఉంటుంది, అంటే 3.8. అక్కడి నుంచి 1.22కి ఒక్క దూకు దూకడం ఎంత పెద్ద మార్పో మీరే చూడండి.

నేను సరిగ్గా ఇదే పని చేశాను. మాది కాకినాడ, హోప్ ఐలాండ్ అడ్డుండటం వల్ల చిన్నప్పుడు పెద్ద కెరటమన్నదే చూడలేదు. ఇక్కడికొచ్చాక నలభై ఏళ్ల వయసులో మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండానే 82 కిలోల మనిషిని 100 లీటర్ల 8'0 కొన్నాను. నాలుగు నెలలు వారానికి రెండు రోజులు వెళ్లాను. లైనప్‌కి (కెరటాల కోసం ఎదురుచూసే చోటికి) చేరేసరికే కాళ్లు వణికేవి, కెరటం వచ్చే టైముకి నేను నీళ్లలో ఉండేవాణ్ణి. ఇంటికొచ్చి మా ఆవిడతో మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. చివరికి నష్టానికి అమ్మేసి 8'10, 31 వెడల్పు, 132 లీటర్లది తీసుకున్నా. మొదటి రోజే పదకొండు కెరటాలు పట్టాను, ఆ సంఖ్య ఇప్పటికీ గుర్తే. ఆ నాలుగు నెలలు మీకు పోకూడదు.

తోకకెరటం (కోవలం, చెన్నై దగ్గర) · జూన్ 9, మధ్యాహ్నం 1:30

డోహినీ గారు చెప్పిన లెక్క నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. కాకపోతే ఇది చదివి కొత్తవాళ్లు "పొట్టిది కష్టం, పొడవుది సులువు" అని తీర్మానించేసుకుంటారేమో, అది మాత్రం సరి కాదు. నిలకడ పొడవు వల్ల కన్నా వెడల్పు వల్ల, లీటర్ల వల్ల ఎక్కువ వస్తుంది. నాది 7'10, 29 వెడల్పు, 98 లీటర్లు. నేను 64 కిలోలు కాబట్టి నా లెక్క 1.53, హాయిగా నిలబడతాను. అదే బోర్డు ఉప్పుగాలి గారికి ఇస్తే 1.26, ఒక్క గంటలో నడుం పట్టేస్తుంది. బోర్డు ఒకటే, మనుషులు వేరు, అంతే తేడా.

పొడవు చేసే పనులు వేరు. పొడవైన బోర్డు తెడ్డు వేస్తే నేరుగా పోతుంది, జారుడు ఎక్కువ, కెరటం ఇంకా మెత్తగా ఉన్నప్పుడే ముందుగా పట్టేస్తుంది. పొట్టిది ప్రతి తెడ్డుకీ ముక్కు ఎడమకీ కుడికీ ఊపుతుంది, కెరటం నిటారుగా లేచే దాకా ఆగి, పడబోయే చోటే ఎక్కాలి. కానీ ఎక్కాక మలుపు అంటే ఏంటో అప్పుడే తెలుస్తుంది.

ఇక మన తూర్పు తీరం సంగతి. కాలిఫోర్నియాలో దూరం నుంచి వచ్చే కెరటానికీ కెరటానికీ మధ్య 14 సెకన్లు, 16 సెకన్లు ఉంటుందని వింటాం. మనకి వర్షాకాలంలో ఎక్కువ రోజులు 8, 10 సెకన్లే, పైగా గాలి లేపే చిల్లర అలలు అడ్డదిడ్డంగా కలుస్తాయి. ఇసుక మెరక మీద కెరటం ఒక్కసారిగా లేచి మూసుకుపోతుంది. 10'6 బోర్డు ఆ గుంటలో పట్టదు, అందుకే మీ ముక్కు గుచ్చుకుంటోంది, అది మీ తప్పు కాదు. కాబట్టి పొట్టి బోర్డు కావాలనుకోవడం సరైన ఆలోచనే. ఎంత పొట్టి అన్నదే ప్రశ్న, నా ఓటు కూడా 8'8కే.

ఉప్పుగాలి · జూన్ 9, రాత్రి 8:05

ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్నటి దాకా పొడవు ఒక్కటే చూశాను, లీటర్ల మీద దృష్టే లేదు. రెండు అనుమానాలు. 31 అంగుళాల వెడల్పుంటే మలుపు తిరగడం కష్టం కాదా? ఇంకోటి, పొట్టిగా ఉండే గాలి బోర్డులు కూడా వస్తున్నాయి కదా, 8 అడుగులవీ 9 అడుగులవీ. మా ఫ్లాట్ నాలుగో అంతస్తు, లిఫ్ట్‌లో గట్టి బోర్డు పట్టదు. గాలిది అయితే సంచిలో పెట్టేసుకోవచ్చు.

తోకకెరటం · జూన్ 9, రాత్రి 9:20

వెడల్పు ఎక్కడుందో చూడాలి. మధ్యలో 31 ఉండి తోక దగ్గర సన్నబడితే వెనక కాలు వేసి నొక్కగానే తిరుగుతుంది. తోక కూడా బాగా వెడల్పుగా ఉంటే చిన్న కెరటాల్లో నిలకడ బాగుంటుంది, వేగమూ వస్తుంది, కానీ కెరటం పెద్దదైతే తోక పైకి తేలిపోయి అదుపు తప్పుతుంది. ముక్కు వెడల్పుగా, మొండిగా ఉన్న పొట్టి బోర్డులు ఈమధ్య చాలా వస్తున్నాయి, పొడవు కోసేసినా ఆ వెడల్పుతో లీటర్లు నిలబెడతారు. ఒక్కో కంపెనీ ఒకే రకంలో నిదానమైనదీ చురుకైనదీ విడివిడిగా చేస్తుంది. ఉదాహరణకి నైష్‌లో మానా నిలకడగా ఉంటుంది, హోకువా ఆరితేరినవాళ్లకి. స్టార్‌బోర్డ్‌లో వెడ్జ్, వొప్పర్ బరువైనవాళ్లనీ మోస్తాయి. అమ్మేవాళ్లని పొడవు ఒక్కటే అడక్కండి, మోడల్ పేరు అడిగి, తోక ఫోటో కూడా పంపమనండి.

గాలి బోర్డు విషయంలో మాత్రం నా మాట వినండి, కెరటాల కోసం అది వద్దు. 15 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టినా కెరటం మీద మధ్యలో వంగుతుంది. అంచు గుండ్రంగా ఆరు అంగుళాల మందం, గొట్టంలా ఉంటుంది, నీటిని కోసుకుని పట్టుకోవడానికి దానికి పదునే లేదు. పొట్టి చేసినంత మాత్రాన ఆ లోపం పోదు. లిఫ్ట్ సమస్యకి, రుషికొండ దగ్గరే తెలిసినవాళ్ల ఇంట్లో నీడలో పెట్టుకునే ఏర్పాటు చూసుకోండి.

నీలిరెక్క (హైదరాబాద్) · జూన్ 10, ఉదయం 7:10

నాది కొంచెం వేరే అభిప్రాయం. నెలకోసారి వైజాగ్ వచ్చేవాణ్ణి, సముద్రం పక్కన ఉండేవాణ్ణి కాదు. నాలాంటివాళ్లకి 9'6, 30 వెడల్పు ఉన్న కెరటాల బోర్డే మేలు. రోజూ నీళ్లలో ఉండేవాడు పొట్టి బోర్డు అలవాటు చేసుకోగలడు. నెలకి రెండు రోజులు దొరికేవాడికి ఆ రెండు రోజులూ అలవాటు పడటంతోనే సరిపోతుంది. ఉప్పుగాలి గారూ, మీరు వారానికి ఎన్నిసార్లు దిగుతారో ఎవరూ అడగలేదు, నాకు అదే అసలు విషయం అనిపిస్తోంది.

ఇంకో మాట, ఏ రోజు రావాలో నేను ఇన్‌కాయిస్ అంచనాలు చూసి నిర్ణయించుకుంటాను. మన హైదరాబాద్‌లోనే ఉన్న సంస్థ, కెరటం ఎత్తు, దిశ, వ్యవధి అన్నీ ఇస్తారు, పెద్ద ఉప్పెన కెరటాలు వచ్చే ముందు హెచ్చరికలూ ఇస్తారు. వాటిని చూడకుండా దిగొద్దు.

ఉప్పుగాలి · జూన్ 10, ఉదయం 8:30

మంచి ప్రశ్న అడిగారు. వారానికి మూడు రోజులు, పొద్దున్న అయిదున్నర నుంచి ఏడున్నర దాకా. తొమ్మిదికి ఆఫీసు.

నీలిరెక్క · జూన్ 10, ఉదయం 8:41

అయితే నా 9'6 మాట వెనక్కి తీసుకుంటున్నా. మూడు రోజులు దిగేవాళ్లకి 8'8 సరైనది.

అలివి (భీమిలి) · జూన్ 10, రాత్రి 10:50

బోర్డుల కంపెనీల సంగతి నాకు తెలీదు. మాది వేట కుటుంబం, మా నాన్న దుంగల తెప్ప మీద వెళ్లేవాడు, ఇప్పుడు మావాళ్లంతా ఫైబర్ తెప్పలకి మారారు. నేను పదేళ్ల వయసు నుంచి తెడ్డు పట్టాను. మూడేళ్ల కింద ఒక టూరిస్టు కుర్రాడి ప్యాడిల్‌బోర్డు ఎక్కి చూసి, అప్పటి నుంచి వదల్లేదు. కాబట్టి సముద్రం వైపు నుంచి నాలుగు మాటలు చెప్తాను.

మీరు బోర్డు ఎంత పొట్టిది తీసుకుంటే కెరటం విరిగే చోటికి అంత దగ్గరగా నిలబడాలి. పొడుగు బోర్డుతో బయట దూరంగా ఉండి ముందే ఎక్కేసేవారు, ఇక అది కుదరదు. అంటే సముద్రాన్ని చదవడం రాకపోతే పొట్టి బోర్డు మిమ్మల్ని తీసుకెళ్లి దెబ్బ తగిలే చోట నిలబెడుతుంది. ఒడ్డున పావుగంట కూర్చుని చూడండి. మా నాన్న తెప్ప తోసే ముందు కెరటాలు లెక్కపెట్టేవాడు, పెద్దవి మూడో నాలుగో వరసగా వచ్చాక కాస్త సందు దొరుకుతుంది, ఆ సందులోనే తోయాలి. పోటు మీద నీళ్లు ఒడ్డుకి ఆనుకుని కెరటం ఒడ్డు మీదే దభీమని పడుతుంది, అప్పుడు బోర్డుతో దిగితే ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు) విరుగుతాయి, మెడ విరిగినా విరుగుతుంది. పాటు (నీళ్లు వెనక్కి తగ్గడం) సగం తీశాక బయటి మెరక మీద కెరటం విరగడం మొదలవుతుంది, అక్కడ నిదానంగా వస్తుంది. విశాఖ దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు లోపే, కానీ ఆ మాత్రం చాలు, ఒకే చోట పొద్దున్న బాగుండి పదింటికి పాడవుతుంది.

రెండు మెరకల మధ్య కెరటం విరగకుండా నీళ్లు మురికిగా, నున్నగా బయటికి పోతుంటాయి. తెలీనివాళ్లు అక్కడ ప్రశాంతంగా ఉంది కదా అని దిగుతారు. ఏటా ఎంతమంది పిల్లలు రుషికొండలో, ఆర్కే బీచ్‌లో అలా పోతున్నారో మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. బోర్డు ఉన్నవాడికి ఆ పాయ బయటికి వెళ్లే దారి, కానీ బోర్డు చేజారితే అదే ప్రమాదం. చేజారితే దానికి ఎదురు ఈదకండి, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈది కెరటాలు విరిగే వైపు రండి.

ఈ నెల 14తో వేట నిషేధం అయిపోతుంది. 15 నుంచి ఇంజను పడవలన్నీ తెల్లారకముందే దిగుతాయి, వాటి దారికి అడ్డం నిలబడొద్దు. అలివి వల (ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల) లాగుతుంటే మాత్రం ఆ వైపే వెళ్లొద్దు. ఒడ్డు నుంచి చాలా దూరం దాకా రెండు తాళ్లుంటాయి, నీళ్లలో కనబడవు, మీ ఫిన్ను తగిలితే మీకూ దెబ్బ, యాభై మంది పొద్దుటి కూలీ పాడు. వాళ్లు లాగడం అయ్యేదాకా ఆగండి, చేయి వేయగలిగితే ఇంకా మంచిది.

ఉప్పుగాలి · జూన్ 10, రాత్రి 11:20

అలివి అన్నా, ఇది ప్రింటు తీసి పెట్టుకుంటాను. ఇన్నాళ్లూ నేను నున్నగా ఉన్న చోటు నుంచే దిగుతున్నాను, ఎందుకు అంత సులువుగా బయటికి పోతున్నానో ఇప్పుడు తెలిసింది.

గవ్వలపేట (గోల్డ్‌కోస్ట్, ఆస్ట్రేలియా) · జూన్ 11, ఉదయం 5:55

తమ్ముడూ, అందరూ బోర్డు గురించే చెప్పారు, దాంతోపాటు మార్చుకోవాల్సినవి చెప్తాను. నేను 58 కిలోలు, ఏడేళ్లయింది మొదలుపెట్టి, ఇప్పుడు 7'6 మీద ఉన్నాను, 78 లీటర్లు. 10'0 నుంచి ఇక్కడికి రావడానికి మధ్యలో మూడు బోర్డులు పట్టాయి, అన్నీ సెకండ్ హ్యాండే.

తెడ్డు ముందు కోయాలి. చదును నీళ్ల మీద మన ఎత్తుకి 8, 10 అంగుళాలు ఎక్కువ పెట్టుకుంటాం. కెరటాల్లో మోకాళ్లు బాగా వంచి ఉంటాం కాబట్టి 4 నుంచి 6 అంగుళాలు చాలు. పొడుగు తెడ్డుతో మలుపు తిరిగితే భుజం మీద పడుతుంది, నాకు ఒక చలికాలమంతా భుజం నొప్పితో పోయింది. సర్దుబాటు చేసుకునే తెడ్డు ఉంటే ముందు దాంతో కొలత తేల్చుకుని తర్వాత కోయించు. తెడ్డు ఆకు (నీళ్లలో మునిగే వెడల్పు భాగం) కూడా కొంచెం చిన్నది తీసుకో, పొట్టి బోర్డుకి నిదానంగా పెద్ద తోపులు పనికిరావు, చిన్నవి గబగబా వేయాలి, తెడ్డు నిటారుగా బోర్డు పక్కనే ఉండాలి. దూరంగా వేస్తే ముక్కు తిరిగిపోతుంది.

ఫిన్లు: మొదట్లో మధ్యది పెద్దది, పక్కలకి రెండు చిన్నవి పెట్టు. మధ్యలో పెద్ద ఫిన్ను ఉంటే ఆగి ఉన్నప్పుడు కూడా బోర్డు కొంచెం కుదురుగా ఉంటుంది. రెండు మూడు నెలలు పోయాక మూడూ సమానంగా ఉండే సెట్టు పెడితే అప్పుడు తేడా తెలుస్తుంది.

లీష్ చుట్టలు తిరిగి ఉండేది కాదు, నేరుగా ఉండేది వాడు. చుట్టల లీష్ సాగి బోర్డుని స్ప్రింగులా మన మొహం మీదకి తెస్తుంది. బోర్డు పొడవుకి సమానంగా, తొమ్మిది అడుగులది తీసుకో. తొమ్మిది అడుగుల బోర్డు, తొమ్మిది అడుగుల లీష్, అంటే నువ్వు పడ్డప్పుడు నీ చుట్టూ పద్దెనిమిది అడుగుల దాకా ఆ బోర్డు ఎవరికైనా తగలొచ్చు. వెనక మనుషులుంటే కెరటమే వదిలెయ్యి. నేను దిగే కరంబిన్ ఆలీలో పడుకుని తోసే పొడుగు బోర్డులవాళ్లూ, మాలా తెడ్డు పట్టినవాళ్లూ, నేర్చుకునే పిల్లలూ అందరూ ఒకే కెరటం దగ్గర ఉంటాం. నిలబడి ఉంటాం కాబట్టి కెరటాన్ని అందరికన్నా ముందు చూసేది మనమే, ముందు ఎక్కగలిగేదీ మనమే. అందుకే ప్రతిదీ తీసుకోకూడదు. కెరటం విరిగే చోటికి దగ్గరగా ఉన్నవాళ్లదే హక్కు. రెండు పట్టావా, మూడోది పడుకుని తెడ్డు లేకుండా కష్టపడుతున్న వాళ్లకి వదులు. ఈ ఒక్క మర్యాద లేక చాలా చోట్ల ప్యాడిల్‌బోర్డులంటే మండిపడుతున్నారు.

ఉప్పుగాలి · జూన్ 13, సాయంత్రం 6:00

అక్కా, అన్నీ రాసుకున్నాను. వచ్చే శనివారం పుదుచ్చేరి వెళ్తున్నాను 8'8 చూడటానికి. సెకండ్ హ్యాండ్ బోర్డులో ఏం చూడాలి?

డోహినీ తీరం · జూన్ 14, ఉదయం 9:05

ఒక లగేజీ తూకం పట్టుకెళ్లండి. ఆ సైజు బోర్డు ఎనిమిది కిలోల అటూ ఇటూ ఉండాలి. పది దాటితే లోపల నీళ్లు తాగిందని అర్థం, ధర తగ్గిస్తానన్నా వద్దు. లోపలిది థర్మోకోల్ లాంటి ఫోమ్, ఒకసారి బాగా తాగితే పూర్తిగా ఆరడం చాలా కష్టం. తర్వాత పైన నిలబడే చోట అరచేత్తో గట్టిగా నొక్కుతూ పోండి, ఎక్కడైనా మెత్తగా దిగితే పై పొర ఊడిందన్నమాట. ఫిన్ పెట్టెల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో గోరుతో చూడండి, చాలా బోర్డులు నీళ్లు తాగేది అక్కడి నుంచే. గాలి పోయే చిన్న మర ఉంటుంది పైన, దాని రబ్బరు వలయం ఎండిపోయిందేమో చూడండి. రంగు గీతలు, పాత మరమ్మతులు చూసి భయపడకండి, అవి బాగా చేసి ఉంటే ఏం కాదు. కొన్నాక ఎండలో కారు మీద కట్టి వదిలెయ్యొద్దు, లోపలి గాలి వ్యాకోచించి పొర ఉబ్బుతుంది. వైజాగ్ ఎండకి అరగంట చాలు.

ఉప్పుగాలి · ఆగస్టు 17, రాత్రి 9:30

రెండు నెలలయింది, బాకీ ఉన్న సంగతులన్నీ చెప్పాలి.

బోర్డు తెచ్చాను, 8.3 కిలోలు తూగింది. మొదటి రోజు దాని మీద నిలబడగానే చిన్న స్టూలు మీద నిలబడ్డట్టు అనిపించింది, గంటలో ముప్పై సార్లకి పైనే పడ్డాను. లీష్ పట్టుకుని ఒడ్డుకొచ్చి కూర్చున్నప్పుడు, 7'8 కొనుంటే ఈపాటికి ఏమయ్యేదో అనుకున్నాను. రెండో వారానికి ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పెట్టి నిలబడటం అలవాటైంది, తెడ్డు నీళ్లలోంచి తీయకుండా ఉంటే అది మూడో కాలులా పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. పడటం ఆగిపోయింది అననుగానీ ఎప్పుడు పడబోతున్నానో ముందే తెలుస్తోంది.

కెరటం మాత్రం నాలుగో వారం దాకా దొరకలేదు. బయటే నిలబడిపోయేవాణ్ణి, కెరటం కిందనుంచి వెళ్లిపోయేది. అలివి అన్న ఒక ఆదివారం రుషికొండ వచ్చి నన్ను పది బారలు లోపలికి జరగమన్నాడు, నాకు గుండె దడదడలాడింది, అంత దగ్గర విరుగుతుంటే టెన్షన్ కదా. అక్కడ నిలబడి నాలుగు తోపులు వేశాను, బోర్డు ముక్కు కిందికి వాలింది, గుచ్చుకోలేదు, వెనక కాలు మీద బరువు వేసి కుడివైపు చూశాను. అది తిరిగింది. నీటి గోడ పక్కనే పోతూ ఉన్నాను, ఎడమ చేతివైపు నురుగు, కుడివైపు పచ్చటి నీళ్లు. అయిదారు సెకన్లు ఉంటుందేమో. ఆ రోజు ఆ తర్వాత ఏం చేశానో గుర్తులేదు.

ఒక కష్టం కూడా జరిగింది. పోయిన వారం ఒడ్డు దగ్గర పడినప్పుడు తోక రాయికి తగిలి రూపాయి బిళ్లంత చిల్లు పడింది. ఫైబర్ తెప్పలు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే, పాపం ఆయనకి తెలిసిన పద్ధతిలోనే మాట్ వేసి రెజిన్ పోశారు. పొద్దున్న చూస్తే చిల్లు లోపల నిమ్మకాయంత గుంట, ఫోమ్ కరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

తోకకెరటం · ఆగస్టు 17, రాత్రి 10:10

మొదటి మలుపుకి అభినందనలు, చదువుతుంటే నా మొదటిది గుర్తొచ్చింది.

తెప్పలకి వాడేది పాలిస్టర్ రెజిన్. అందులో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ని తినేస్తుంది. మన బోర్డులకి ఎపాక్సీ మాత్రమే వాడాలి. ఇప్పుడు గట్టిపడిన పాలిస్టర్ అంతా గరుకు కాగితంతో తీసేయండి, గుంట తెరిచి నీడలో వారం ఆరనివ్వండి, రెండు రోజులకోసారి తూకం వేయండి, బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. తర్వాత అదే రకం ఫోమ్ ముక్క సరిగ్గా చెక్కి ఎపాక్సీతో అతికించి, పైన సన్నటి గ్లాస్ క్లాత్ రెండు పొరలు వేయండి. తోక అంచు పదును పోకుండా టేపు కట్టి పోయండి, ఆ అంచు గుండ్రమైతే నీళ్లు విడవదు, బోర్డు మొద్దుబారుతుంది.

అలివి · ఆగస్టు 18, ఉదయం 4:50

ఎపాక్సీ డబ్బా నా దగ్గర సగం ఉంది, నా బోర్డుకి తెచ్చినది. ఫోమ్ ముక్కలూ ఉన్నాయి. ఆదివారం బోర్డు భీమిలి తీసుకురా, మా ఇంటి వెనక నీడలో ఇద్దరం కూర్చుని చేద్దాం. అది ఆరేదాకా నా బోర్డు తీసుకెళ్లు, 9'0 ఉంటుంది. ఆదివారం పోటు పొద్దున్నే ఉంది, తొందరపడి రాకు, ఎనిమిది దాటాక బయలుదేరు.

ఉప్పుగాలి · ఆగస్టు 18, ఉదయం 6:15

వస్తాను అన్నా. గరుకు కాగితం, టేపు నేను తెస్తాను.